గ్రహాంతరం సంపాదకుడి అభ్యంతరాలు

అభ్యంతరం గారికి ఉన్నది ఒకటే జబ్బు. ఎదుటివాళ్ళు ఏం చెప్పినా "నాకో అభ్యంతరం ఉంది" అనకుండా ఉండలేరు. ఆ మాట ఆయన నోటెంట ఎంతగా వచ్చేదంటే, చివరికి అది ఆయన అసలు పేరును పక్కకు నెట్టేసి దాని కుర్చీలో తనే కూర్చుంది. పోస్టుమాన్ కూడా సందు మొదట్లోంచే "అభ్యంతరం గారూ, పోస్ట్!" అని కేకేసేవాడు. "కేకలెందుకయ్యా? నాకో అభ్యంతరం ఉంది" అంటూ ఈయన బయటికి వచ్చేవారు. అంతకంటే గట్టిగా కేకేస్తూ.

క్షవరం చేయించుకోవడానికి వెళితే మంగలి మర్యాదగానే అడిగేవాడు.

"తల కొంచెం కిందికి వంచండి సార్."

"నాకో అభ్యంతరం ఉంది. కింద అనేది భూమి మీద ఉన్నంతవరకే. రేపు ఆకాశంలో తేలే ఓడలో షాపు పెడితే ఏమంటావ్?"

"మీరు అక్కడికి రానని మాటివ్వండి సార్, రేపే పెట్టేస్తాను."

ఒకసారి జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరారు. తగ్గాక డాక్టరు నాడి చూసి, "ఇక మీరు ఇంటికి వెళ్ళొచ్చు" అన్నాడు. "నాకో అభ్యంతరం ఉంది" అన్నారు ఈయన. "ఏమిటది?" అని అడిగాడు డాక్టరు. అభ్యంతరం గారు చాలాసేపు ఆలోచించారు. పక్క మంచాల మీద ఒకరితో ఒకరు కబుర్లాడుకుంటున్న రోగుల వంక చూశారు. "ఏమీ లేదు. కానీ ఉంది" అని మూట సర్దుకున్నారు.

ఆయన వృత్తి కట్టుడు పళ్ళు తయారుచేయడం. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తే, సందు చివర పొడవాటి గదిలో ఒంటరిగా కూర్చుని, గులాబీ రంగు మైనంతో చిగుళ్ళు కట్టి, వాటిలో పళ్ళు పేర్చేవారు. ఆ పళ్ళు ఎవరి నోట్లోకి వెళతాయో ఆయనకు తెలియదు. పెట్టుకున్నవాళ్ళకు ఆయనెవరో తెలియదు. గోడ పొడవునా అరల మీద తెల్లటి సుద్ద దవడలు నోళ్ళు తెరుచుకుని వరసగా నవ్వుతూ ఉండేవి. కొత్తవాళ్ళు జడుసుకుంటే, "భయపడకండి. ఇన్ని నోళ్ళున్నాయి గానీ ఒక్కటీ మారు మాట్లాడదు" అనేవారు. అదేదో పెద్ద లోటన్నట్టు అనేవారు.

ఆ గది వెనక భాగంలో, వెలిసిపోయిన కర్టెన్ అవతల, 'గ్రహాంతరం' పత్రిక తయారయ్యేది. అది సైన్స్ ఫిక్షన్ అభిమానుల సంఘం వారి సొంత పత్రిక. సొంత పత్రిక అంటే రాసేదీ వాళ్ళే, సైక్లోస్టైల్ మిషను పిడి తిప్పేదీ వాళ్ళే, పిన్నులు కొట్టేదీ వాళ్ళే, వేళ్ళకి గుచ్చుకుంటే ఊదుకునేదీ వాళ్ళే. సంఘం మొదట్లో గ్రంథాలయంలో కూడేది. 'నిశ్శబ్దం' అన్న బోర్డు కిందే కూర్చుని, మనిషి కాలంలో వెనక్కి వెళ్ళగలడా లేడా అని గొంతు చించుకునేవారు. ఓ రోజు లైబ్రేరియన్ వచ్చి ఆ చర్చకు ముగింపు పలికాడు.

"వెనక్కి వెళ్ళే సంగతి నాకు తెలీదు గానీ, ముందు బయటికి వెళ్ళండి."

అలా బయటికి వచ్చిన సంఘం పళ్ళ గదిలో తేలింది. గది ఇచ్చిన పాపానికి అభ్యంతరం గారు సంపాదకుడయ్యారు. మొదటి సంచిక మొదటి పేజీలోనే ఆయన తన పత్రిక పేరు మీద తనే అభ్యంతరం తెలిపారు. "గ్రహాంతరం అంటే మరో గ్రహమనే కాక, రెండు గ్రహాల నడుమ ఉన్న ఖాళీ అనే అర్థం కూడా వస్తుంది. కాబట్టి ఈ పత్రికలో ఏమీ ఉండదని పాఠకులు అనుకునే ప్రమాదం ఉంది."

ఆ తర్వాత ఏ కథ అచ్చయినా దాని కింద 'సంపాదకుడి అభ్యంతరాలు' అన్న శీర్షిక ఉండేది. కథ రెండు పేజీలైతే అభ్యంతరాలు మూడు. వాటిలో సగం మరీ అన్యాయమైనవి. అంగారకుడి మీద మనిషి తుమ్మాడని రాస్తే, ఆ తుమ్ము ఏ దిక్కుకు వెళ్ళిందో రాయలేదేమని నిలదీసేవారు. రచయితలు కొందరు అలిగి మానేశారు, కొందరు పెళ్ళి చేసుకుని మానేశారు, మిగిలినవాళ్ళు అభ్యంతరాలకు తట్టుకోలేక జారుకున్నారు. సంఘం సర్వసభ్య సమావేశంలో తీర్మానాలన్నీ ఏకగ్రీవంగా, ఒక్క అభ్యంతరంతో ఆమోదం పొందేవి. చివరికి గదికి వచ్చేవాళ్ళలో నిలిచింది ఇద్దరే: లెక్కల మాస్టారు, లిఫ్టు మెకానిక్. మిగతా పాఠకులంతా ఎక్కడెక్కడో మారుమూల ఊళ్ళల్లో ఉండి పోస్టులో తెప్పించుకుని, అభ్యంతరాల మీద మండిపడుతూ జవాబులు రాసి పంపేవారు.

ఆ దశలో వచ్చింది టైపిస్టు.

టైపిస్టు నీటి సరఫరా కార్యాలయంలో పనిచేసేది. పొద్దస్తమానం ఎవరో ఒకరు కాగితం తెచ్చి బల్ల మీద పెట్టేవారు. "ఇది కొంచెం అర్జంటు." "అలాగేనండి." "ఇది ఇంకా అర్జంటు." "అలాగేనండి." ఊళ్ళో వాళ్ళందరి మాటలూ ఆమె వేళ్ళలోంచి పోయేవి, ఆమె మాట మాత్రం ఒక్కటీ ఉండేది కాదు. సాయంత్రం గదికి వచ్చి తాళం తీశాక ఆ 'అలాగేనండి' అనడానికి కూడా ఎవరూ లేరు. తల్లి ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని వీధిలో పోయేవాళ్ళ నడకల గురించి జోకులేసుకునేవారు. తల్లి పోయాక ఆ నడకలు అలాగే ఉన్నాయి, జోకులు లేవు. ఒక్కోసారి ఆదివారాలు గడిచి సోమవారం ఆఫీసులో నోరు తెరిస్తే గొంతు పెగిలేది కాదు. రెండు రోజులు వాడని కుళాయిలా ముందు కాస్త గురగురలాడి, తర్వాత మాట వచ్చేది.

ఒకరోజు ఆఫీసు లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఆమె ఒక్కతే. మూలన కొక్కేనికి ఒక పత్రిక వేలాడుతోంది, దాని మీద 'లిఫ్టు ఆగినప్పుడు చదువుకొనుటకు' అని రాసి ఉంది. లిఫ్టు మెకానిక్ తను బాగుచేసే లిఫ్టులన్నిటిలోనూ గ్రహాంతరం పాత సంచికలు అలా తగిలించేవాడు. చదివేవాళ్ళు మధ్యలో లేచి వెళ్ళిపోలేని చోటు లోకంలో అదొక్కటేనని అతని నమ్మకం. కాసేపటికి అతను వచ్చి, పైనుంచి తలుపు సందులోకి తలపెట్టి, "భయపడకు చెల్లెమ్మా, తీసేస్తున్నా!" అన్నాడు.

"కొంచెం ఆగండి. ఇంకో రెండు పేజీలున్నాయి" అంది టైపిస్టు.

మెకానిక్‌కు కళ్ళమ్మట నీళ్ళొక్కటే తక్కువ. తీరిగ్గా మెట్టు మీద కూర్చుని ఆమె చదవడం అయ్యేదాకా ఆగాడు.

ఆ వారమే టైపిస్టు ఒక కథ రాసి పంపింది. దూరాన ఎక్కడో ఒక చిన్న చందమామ మీద దీపస్తంభం లాంటిది ఉంటుంది. దాన్ని చూసుకునే ఆవిడ ఒక్కతే. దారిన పోయే ఓడలకు దీపం చూపించడం ఆమె పని. ఏ ఓడా ఆగదు. ప్రతి ఓడకీ ఆవిడ కిటికీలోంచి చెయ్యి ఊపుతుంది. అంతే కథ.

కథ అచ్చయింది. కింద అభ్యంతరాలు బారులు తీరాయి. గాలి లేని చోట కిటికీ ఎందుకన్నారు. దీపానికి నూనె ఎవరు తెస్తున్నారన్నారు. చివరిది మాత్రం టైపిస్టు ఒంటికి నిప్పంటించింది: "అంత వేగంతో పోయే ఓడలోని వారికి చెయ్యి కనపడదు. ఆ సంగతి ఆవిడకు తెలియదా? తెలిసీ ఊపిందంటే ఆవిడకు బుద్ధి లేదా? రచయిత్రికి లేదా?"

టైపిస్టు ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టింది. చిరునామా పట్టుకుని సందులన్నీ దాటి, పళ్ళ గది తలుపు దబదబా బాదింది. అభ్యంతరం గారు చేతిలో ఒక దవడతో తలుపు తీశారు.

"ఆవిడకి బుద్ధి ఉంది!" అంది టైపిస్టు.

"ఎవరికి?"

"చందమామ మీద ఆవిడకి. కనపడదని తెలుసు. తెలిసే ఊపింది."

"నాకో అభ్యంతరం ఉంది. కనపడనప్పుడు ఊపడం దేనికి?"

"చెయ్యి ఉంది కనక ఊపింది! ఊపకుండా కూర్చుంటే కొన్నాళ్ళకి అది చెయ్యన్న సంగతే మర్చిపోతుంది కనక ఊపింది! మీకేం తెలుసండీ?"

తన గొంతు అంత పైకి వెళుతుందని టైపిస్టుకే తెలియదు. అరల మీది దవడలన్నీ ఆశ్చర్యంతో నోళ్ళు తెరిచినట్టే ఉన్నాయి. అభ్యంతరం గారు మాత్రం మొహం నిండా వెలుగుతో స్టూలు లాగి వేశారు.

"ఈ ముక్క కథలో లేదే. రాసివ్వండి, వచ్చే సంచికలో వేస్తాను. దాని మీద కూడా నాకు అభ్యంతరాలు ఉంటాయనుకోండి."

"వెయ్యండి. నేనూ వస్తాను" అంది టైపిస్టు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం వచ్చేది. వస్తూ వస్తూ పత్రిక టైపు పని కూడా నెత్తినేసుకుంది. రిబ్బను పక్కకు తప్పించి మైనం పూత ఉన్న స్టెన్సిలు కాగితం మీద కొట్టడం, తప్పు పడితే ఎర్రటి మందు పూసి ఆరేదాకా ఊదడం, ఆ ఊదే విరామంలో సంపాదకుడితో పోట్లాడడం, ఇదీ వరస.

"అమ్మా, 'అనంతమైన చీకటి' అని కొట్టారు. నాకో అభ్యంతరం ఉంది. ఎవరు కొలిచారు?"

"రాసింది మాస్టారు. నేను కొట్టానంతే."

"అయితే మాస్టారి మీద అభ్యంతరం, కొట్టినందుకు మీ మీద సగం."

లెక్కల మాస్టారు 'నక్షత్ర ప్రయాణాలు, కాలం, దూరం' అని ధారావాహికంగా వ్యాసాలు రాసేవారు. వారం వారం వచ్చి, సంపాదకుడితో కాసేపు తగవు పడి, గడియారం చూసుకుని లేచేవారు. "ఇక్కడ మీ అభ్యంతరాలు, ఇంటికెళితే మా ఆవిడవి. మధ్యలో ఆ బస్సు ప్రయాణం ఒక్కటే నాకు ప్రశాంతత" అని నిట్టూర్చేవారు.

అందరిలోకీ విచిత్రమైన బాధ లిఫ్టు మెకానిక్‌ది. అతని కథలకు అభ్యంతరం గారు ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు. ప్రతిసారీ కింద ఒకే ఒక్క మాట: 'బాగుంది.' మెకానిక్‌కు అది తలకొట్టేసినట్టు ఉండేది. పోనీ తప్పులు చేద్దామని పూనుకున్నాడు. చందమామ దాకా లిఫ్టు వేసి, మధ్యలో ఆపేసి, జనాన్ని దింపి మెట్లెక్కించాడు. 'బాగుంది.' సూర్యుణ్ణి రిపేరు కోసం విప్పి, మరలు ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు. 'బాగుంది.'

"గురువుగారూ, ఈసారి సూర్యుడి మీద మంచు కురిపించానండీ! పిల్లలు దాంతో ఆడుకున్నారు కూడా! ఒక్కటంటే ఒక్క అభ్యంతరమైనా..."

"బాగుందయ్యా. మీ పిల్లలెలా ఉన్నారు?"

"వాళ్ళకేం, ఇల్లు పీకి పందిరేస్తున్నారు. మా ఆవిడ, అమ్మ, అత్తగారు, చెల్లెలు, నలుగురూ నాలుగు వైపుల నుంచీ నన్ను దులిపేస్తున్నారు. అది కాదు గురువుగారూ, మంచు..."

"చాలా బాగుంది."

మెకానిక్ టైపిస్టు దగ్గర మొరపెట్టుకునేవాడు. "నువ్వే చెప్పు చెల్లెమ్మా, నేనంత పనికిరానివాణ్ణా? నీకు మూడు పేజీలు, మాస్టారికి నాలుగు. నాకు ఒక్క ముక్క!"

ఇలా కొన్నేళ్ళు నడిచింది. ఇంతలో మాస్టారి భార్య పోయింది. ఉన్నట్టుండి, ఒక్క వారం జబ్బుతో.

మాస్టారు రావడం మానేశారు. మెకానిక్ ఒకసారి వెళ్ళి చూసి వచ్చి, "తలుపు తియ్యడానికే బోలెడంత సేపు పట్టింది చెల్లెమ్మా. గడ్డం పెరిగిపోయింది. ఏం చెప్పినా తల ఊపుతారు. నేనూ తల ఊపాను. కాసేపు ఇద్దరం ఊపుకుని వచ్చేశాను" అన్నాడు. బడికి కూడా వెళ్ళడం లేదట.

ఆయన అంతకుముందే ఇచ్చిన వ్యాసం ఒకటి సంపాదకుడి దగ్గర ఉంది. దాన్ని నల్ల గీతల మధ్య, సంతాపంతో వేస్తారని టైపిస్టు అనుకుంది. ఆదివారం వచ్చి అభ్యంతరాల కాగితం చేతికి తీసుకుని చదివితే ఆమెకు కళ్ళు తిరిగాయి.

"నక్షత్రం ఎంత దూరాన ఉందో చెప్పి, ఆ దూరాన్ని ఓడ వేగంతో భాగించి, ప్రయాణానికి పట్టే కాలం ఇదీ అని మాస్టారు తేల్చారు. నాకు అభ్యంతరం ఉంది. దూరాన్ని వేగంతో గుణిస్తే కాలం వస్తుందని పిల్లలకు కూడా తెలుసు. ఈ మాత్రం తెలియనివారు బడిలో లెక్కలు ఎలా చెబుతున్నారో!"

టైపిస్టుకు లెక్కలు అంతంతమాత్రం. గుణించాలో భాగించాలో ఆమె పట్టించుకోలేదు. ఆ చివరి వాక్యం మాత్రం గుండెలో దిగింది.

"ఇది నేను టైపు చెయ్యను."

"నాకో అభ్యం..."

"మీ అభ్యంతరాలు మీ దగ్గరే ఉంచుకోండి! పాపం భార్య పోయి దిక్కుతోచక కూర్చున్న మనిషిని ఇంత మాట అంటారా? ఈ సుద్ద దవడలకి ఉన్నపాటి మనసు లేదు మీకు."

జన్మలో మొదటిసారి ఆయన అభ్యంతరం మధ్యలో ఆగింది. టైపిస్టు చెప్పులేసుకుని వచ్చేసింది.

పత్రిక ఆగలేదు. అభ్యంతరం గారు రెండు వేళ్ళతో తనే కొట్టుకున్నారు. పోస్టులో వచ్చిన సంచిక చూస్తే పేజీలన్నీ మసి. 'బడిలో లెక్కలు' అన్నచోట 'బడిలో రెక్కలు ఎలా చెబుతున్నారో' అని పడింది. మరోసారైతే టైపిస్టు పడీ పడీ నవ్వేది. గదిలో ఒక్కతే కూర్చుని నవ్వడానికి మొహమాటం వేసి పత్రిక మడిచేసింది.

ఆదివారాలు మళ్ళీ పాత ఆదివారాలయ్యాయి. పక్కవాటాలో రేడియో ఎవరితోనో మాట్లాడుతూ ఉండేది. ఈమె కిటికీ దగ్గర కూర్చుని వీధిలోకి చూసేది. సోమవారం ఆఫీసులో గొంతు గురగురలాడేది. "ఇది కొంచెం అర్జంటు." "అలాగేనండి." ఒకరోజు మేనేజరు పొరపాటున అచ్చం ఒకేలా ఉన్న కాగితాలు రెండు ఇచ్చి, "రెండూ కొట్టండి" అంటే రెండూ కొట్టింది. మేనేజరు తనే నాలిక్కరుచుకుని, "రెండూ ఒకటేనని చెప్పొచ్చుగా?" అన్నాడు. "అలాగేనండి" అంది టైపిస్టు. ఆ సాయంత్రం తన మీద తనకే చిరాకేసింది. ఇదివరకు ప్రతి ఆదివారం అంతంత నోరు చేసుకున్న మనిషి ఏమైపోయింది?

అన్నిటికంటే ముల్లులా గుచ్చుకున్నది మాస్టారి సంగతి. తను టైపు చెయ్యనంత మాత్రాన అయిందేముంది? ఆ మాట ఆయన చేతికి వెళ్ళనే వెళ్ళింది. ఓ సెలవురోజు ధైర్యం చేసి వాళ్ళింటికి బయల్దేరింది. దారిపొడవునా పరామర్శ మాటలు కూడబలుక్కుంది.

ఆ మాటలేవీ అక్కరకు రాలేదు. మాస్టారి ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆయన నున్నగా గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని ఉన్నారు. వసారాలో నల్లబల్ల దించి, దాని నిండా లెక్కలు వేసి, చాలక గోడ మీదికి ఎక్కారు. చేతిలో సుద్దముక్క ఊపుతూ ఎదురొచ్చారు.

"రామ్మా, సమయానికి వచ్చావు! గుణించాలట! దూరాన్ని వేగంతో గుణించాలట! అంటే ఓడ ఎంత త్వరగా పోతే అంత ఆలస్యంగా చేరుతుందన్నమాట! ఆ ప్రకారం నువ్వు బస్సు దిగి నడిచొచ్చుంటే నిన్ననే వచ్చేదానివి!"

"మాస్టారూ, ఆ సంచిక చూసి మీరు బాధపడి ఉంటారని..."

"బాధా? ఒళ్ళు మండిపోయింది!" అంటూ మాస్టారు అరుగు మీద చతికిలబడ్డారు. కాసేపు సుద్దముక్క వంక చూసుకున్నారు. గొంతు తగ్గింది.

"మా ఆవిడ పోయిన దగ్గర్నుంచీ నా మాటకి ఎదురే లేదమ్మా. ఎవరొచ్చినా 'అవును మాస్టారూ, నిజమే మాస్టారూ.' చూద్దామని ఓ రోజు మా బావమరిదితో, 'ఈ చలికాలం ఉక్క బొత్తిగా భరించలేకుండా ఉన్నాం' అన్నాను. 'అవును బావా, మరీ ఉక్కగా ఉంది' అన్నాడు. దుప్పటి కప్పుకుని మరీ అన్నాడు!"

టైపిస్టుకు నవ్వొచ్చింది. నవ్వకూడదని పెదవి కొరుక్కుంది.

"నవ్వమ్మా, ఫరవాలేదు. కాపురం చేసినన్నాళ్ళూ ఆవిడ నా మాటకి అవునన్న పాపాన పోలేదు. 'మీకేం తెలీదు, ఊరుకోండి' అనేది. ఆ మాట వినపడని ఇంట్లో నాకు నిజంగానే ఏమీ తెలియకుండా పోయింది. అన్నం ఎప్పుడు తినాలి, లైటు ఎప్పుడు వెయ్యాలి, ఏదీ తెలీదు. అలా కూర్చునుంటే వచ్చింది ఈ పత్రిక. చదవగానే లేచాను. సుద్దముక్క వెతికాను. ఇంత అన్నం వండుకుని తిన్నాను. ఖాళీ కడుపుతో ఇంత పెద్ద మూర్ఖుడితో వాదించలేం కదా!"

"ఆయన అలా రాయకూడదు మాస్టారూ."

"పిచ్చిదానా, అతను కావాలని రాశాడు. అంత పెద్ద తప్పు పొరపాటున చెయ్యడం ఎవరివల్లా కాదు. ఆ సంగతి నాకు తట్టేసరికి ఆలస్యమైపోయింది. అప్పటికే గడ్డం గీసుకుని గోడ మీదికొచ్చేశాను."

టైపిస్టు గోడ మీది లెక్కల వంక చూసింది. నలుగురు ఆడవాళ్ళు నాలుగు వైపుల నుంచీ దులిపే మెకానిక్‌కు రాసిన 'బాగుంది' గుర్తుకొచ్చింది. మారుమూల ఊళ్ళ పాఠకులు కోపంతో ఊగిపోతూ రాసే కట్టల కొద్దీ జవాబులు గుర్తుకొచ్చాయి. వాటిని విప్పేటప్పుడు ఆ సంపాదకుడి మొహం గుర్తుకొచ్చింది.

"పదండి మాస్టారూ, ఆయన దగ్గరికి వెళదాం" అంది.

"ఉండు, చొక్కాకి సుద్ద అంటింది, మార్చుకుని వస్తాను."

పళ్ళ గదిలో కర్టెన్ సగం ఊడి వేలాడుతోంది. అభ్యంతరం గారు మిషను ముందు నిలబడి ఉన్నారు. మొహం మీద, చెవుల మీద, బట్టతల మీద సిరా. ఇరుక్కుపోయిన కాగితాన్ని కట్టుడు పళ్ళ జత ఒకదానితో పట్టుకుని లాగుతున్నారు. వీళ్ళిద్దర్నీ చూసి పళ్ళు వదిలేశారు.

"గుణిస్తారా?" అన్నారు మాస్టారు గుమ్మంలోంచే.

"మరి? నాకో అభ్యంతరం..."

"అయితే గుణించండి! ఇప్పుడు, నా కళ్ళెదుట!"

అభ్యంతరం గారు గుణించక తప్పలేదు. మైనం పని చేసే బల్ల మీద సుద్దతో అంకెలు వేసుకుంటూ పోయారు. బల్ల అయిపోయింది, అంకెలు అవలేదు. మాస్టారు వెనక నిలబడి, "ఇంకో సున్నా పెట్టండి, ఇంకోటి, ఆగకండి" అని దగ్గరుండి పెట్టిస్తున్నారు. ఆ సున్నాల సందడిలో టైపిస్టు మెల్లగా అడిగింది.

"మెకానిక్ అన్నయ్యకి మీరెందుకు అభ్యంతరం చెప్పరు?"

"వాడికి ఇంట్లో చెప్పేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారుగా."

"మరి నాకెందుకు చెప్పారు?"

అభ్యంతరం గారు సుద్దముక్క కింద పెట్టి, ఒక దవడ తీసి అటూ ఇటూ తిప్పారు. ఆమె వైపు చూడలేదు.

"మీ కథ చదివాను. ఆవిడతో మాట్లాడే దిక్కు లేదు. 'బాగుంది' అని రాస్తే మురిసిపోయి, పత్రిక పెట్టెలో దాచుకుని, మళ్ళీ ఆ కిటికీ దగ్గరే కూర్చుంటారు. మెచ్చుకుంటే మనుషులు ఇంట్లోనే ఉండిపోతారమ్మా. కోపం వస్తేనే చెప్పులేసుకుని బయల్దేరతారు."

మాస్టారు సున్నాలు లెక్కపెడుతున్నట్టు నటించారు.

"అంత మాత్రానికే ఇదేదో దయ అనుకునేరు. నా గదికి మీరు రావాలని రాశాను. రోజంతా ఈ దవడలతో ఎంతసేపని వాదిస్తాను? మీ ఇద్దరూ రాని ఆదివారాలు వీటికి కూడా అభ్యంతరం చెప్పి చూశాను. ఉలకవు, పలకవు."

టైపిస్టు కొంగు బిగించి మిషను దగ్గరికి వెళ్ళింది. ఇరుక్కున్న కాగితం లాగిపారేసి, "ముందు మొహం కడుక్కురండి. మిమ్మల్నిలా చూస్తే వేరే గ్రహం నుంచి దిగారనుకుంటారు" అంది. ఆ ఒక్క మాటకు ఆయన ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

అంతలో మెకానిక్ కొత్త కథతో ఊడిపడ్డాడు. పోగొట్టుకున్న ఇద్దరూ అక్కడే కనపడేసరికి సంతోషంతో కథ సంగతే మర్చిపోయాడు. ఆ పూట నలుగురూ కలిసి సంచిక మొత్తం తప్పుల్లేకుండా మళ్ళీ తీశారు. పని ముగిశాక ఏనాడూ ఎవరి వెంటా గుమ్మం దాటని అభ్యంతరం గారు కూడా వాళ్ళను సాగనంపడానికి చొక్కా వేసుకుని బస్టాపు దాకా వచ్చారు.

అక్కడ మళ్ళీ మొదలైంది. వేరే గ్రహం నుంచి ఎవరైనా వచ్చి ఎదురుగా నిలబడితే మనం అనాల్సిన మొదటి మాట ఏమిటి? ఏదైనా అంకె చెప్పాలన్నారు మాస్టారు. "ఏ అంతస్తు?" అని అడగాలన్నాడు మెకానిక్. అసలు మాట్లాడకూడదు, వాళ్ళనే ముందు మాట్లాడనివ్వాలన్నారు అభ్యంతరం గారు.

"అదేం కుదరదు!" అంది టైపిస్టు. "అంత దూరం నుంచి వచ్చినవాళ్ళని పలకరించకుండా నిలబెడతారా? వాళ్ళు కూడా అలాగే అనుకుంటే ఇద్దరూ బిగుసుకుని నిలబడి చావాల్సిందేగా?"

బస్సు వచ్చింది. కండక్టరు తల బయటికి పెట్టి, "ఎక్కుతారా, లేదా?" అని అడిగాడు. నలుగురిలో ఒక్కరికీ వినపడలేదు. బస్సు వెళ్ళిపోయింది. ఆ తర్వాతిదీ వెళ్ళిపోయింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, ఏదో ఆస్తి తగాదా అనుకుని తప్పుకుపోయారు.

మర్నాడు ఆఫీసులో టైపిస్టు గొంతు బొత్తిగా బొంగురుపోయి ఉంది. "ఏమైందండీ గొంతుకి?" అని అడిగాడు మేనేజరు, చేతిలో ఏదో అర్జంటు కాగితంతో.

"బస్టాపులో పోట్లాడానండి" అంది టైపిస్టు, మొహం నిండా నవ్వుతో.

మేనేజరు ఒక అడుగు వెనక్కి వేసి, ఆ కాగితం పట్టుకెళ్ళి తనే కొట్టుకున్నాడు.